దొంగ మస్టర్

పూలమ్మక్కకు ఆవిరి వచ్చిందంటే ఎదురుగా ఎవరున్నారో చూసుకునేది కాదు. చేతిలో పని అక్కడే వదిలి గడప మీద కూర్చుని, కొంగుతో మెడా, చెవుల వెనకా తుడుచుకునేది. ముఖం కందిపోయేది. రెండు మూడు నిమిషాలు అంతే. తర్వాత ఏమీ జరగనట్టు లేచి మళ్లీ చేట అందుకునేది. రోజుకు పది పన్నెండుసార్లు ఇదే వరుస. ముట్టు ఆగిన కాడి నుంచి ఆమెకు ఈ బాధ. ముట్టు ఆగి నాలుగేళ్లయింది, బాధ మాత్రం ఆగలేదు.

ఆమె నా తోడికోడలు. మా ఆయన గట్టయ్యకు అన్న అయిన రాయమల్లు బావ భార్య. అన్నదమ్ములిద్దరూ బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైనవాళ్లే. క్వార్టర్లు ఖాళీ చేసిన తర్వాత గోదావరిఖనిలోనే పక్కపక్కన రెండిళ్లు కట్టుకున్నాం. నడిమి గోడకు ఒక తలుపు పెట్టించుకున్నాం. కూర గిన్నెలు, పేపరు, గొడవలు అన్నీ ఆ తలుపులోంచే అటూ ఇటూ తిరిగేవి.

"వదినె లోపల బొగ్గు అంటుకున్నది," అనేవాడు మా ఆయన. బాయిలో బొగ్గు పొరకు గాలి తగిలితే ఎవరూ అగ్గి పెట్టకుండానే తనంత తాను రాజుకుంటుంది. "బాయిల అయితే గోడ కట్టి మూస్తుంటిమి. వదినెకు యాడ కట్టాలె గోడ?"

"ముందుగాల నీ నోటికి కట్టు," అనేది అక్క.

ఆ ఎండాకాలం మరీ కష్టమైంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పెడితే కిటికీలు అదిరి దుమ్ము లోపలికి వస్తుందని తలుపులన్నీ మూసుకుంటాం. ఆ ఉక్కలో ఆమె పడే అవస్థ చూడలేక నేనే సంధ్యారాణిని పిలిచాను.

సంధ్యారాణి మా గల్లీ చివర ఉంటుంది. ముప్పై ఒకటో ఏట ఆమెకు గర్భసంచి తీసేశారు. సంచితోపాటు అండాశయాలు కూడా తీశారని ఆమెకు తెలిసింది ఏడాది తర్వాతట. ఆ ఏడాదంతా ఒళ్లు మంటలెత్తి, మోకాళ్లు పట్టేసి, ఎందుకో తెలియక ఏడ్చిందట. కరీంనగర్‌లో ఎవరో చెప్పిన పొడి తాగి బాగుపడ్డానంటుంది. అప్పటి నుంచి ఆ పొడి తెప్పించి గల్లీలో ఇస్తుంది. డబ్బా మీద తామరపువ్వు పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ ఉంటుంది.

"గిండ్ల ఏమున్నయే?" అని అడిగింది అక్క, డబ్బా చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తూ.

"సోయా, అవిసెలు, నువ్వులు, శతావరి గడ్డ. ఇంకేవో ఆకులున్నయి. మన ఆడోళ్ల ఒంట్ల ఈస్ట్రోజన్ అని ఒకటి ఉంటదక్కా. ముట్టు ఆగే వయసుల అది తగ్గిపోతది. ఈ ఆవిర్లు గందుకే. అచ్చం దాని లెక్కనే ఉండేటివి చెట్లల్ల గూడ ఉంటయట. అవి పోయి దాని జాగల కూసుంటయి. ఒళ్లేమో అసలుదే వచ్చిందనుకుంటది."

వాకిట్లో పేపరు చదువుతున్న మా ఆయన తల ఎత్తాడు. "అంటే దొంగ మస్టర్ అన్నట్టు."

బాయిలో హాజరును మస్టర్ అంటారు. మా ఆయన కొత్తగా పనిలో చేరిన రోజుల్లో, తాగి పడుకున్న దోస్తు నంబరు బిళ్ల ఇంకొకడు తీసుకుపోయి చూపిస్తే ఆ దోస్తు పేరు మీద మస్టర్ పడేదట. పేరొకరిది, మనిషొకరు. ఆ ముచ్చట ఆయన వెయ్యిసార్లు చెప్పాడు.

"గంతే అన్నా. గట్లనే," అని సంధ్యారాణి నవ్వింది.

"మరి దొంగ మస్టర్ ఏసినోడు పని సక్కగ జేస్తడా?"

"పెద్దగ చెయ్యడు. కానీ జాగ ఖాళీ ఉండదు గద."

అక్కకు ఇంకా మనసొప్పలేదు. "అనసూర్యా, నువ్వేమంటవే?" అని నన్నడిగింది. నాకన్నా మూడేళ్లు పెద్దదైనా, పూజ, మందు, మంచిరోజు ఇలాంటివన్నీ నన్నే అడిగేది. నేను శుక్రవారం తప్పకుండా ఉపవాసం ఉంటాననీ, దేవుని పుస్తకాలు చదువుతాననీ ఆమెకు నా మీద గురి.

"చెట్టుది గదక్కా, చెడు జేస్తదా? దేవుడు పుట్టిచ్చిందే గద," అన్నాను. డబ్బాకు పసుపు రాసి, అమ్మవారి పటం ముందు పెట్టి, నా చేత్తోనే మొదటి చెంచా పాలల్లో కలిపి ఇచ్చాను. ఉమ్మెత్త కూడా చెట్టే అన్న సంగతి ఆ రోజు నాకు గుర్తుకు రాలేదు.

రెండు నెలల్లో ఆవిర్లు తగ్గాయి. పొడి పనో, వానలు పడి చల్లబడినందుకో చెప్పలేను. అక్క మాత్రం సంధ్యారాణి కనబడితే "నువ్వు సల్లగుండ బిడ్డా" అనేది.

శ్రావణం వచ్చింది. మా వాడలో పోచమ్మకు బోనాలు తీసేటప్పుడు మొదటి బోనం ముట్టు ఆగిన ఆడది ఎత్తాలి. ఇంకా ముట్టవుతున్నవాళ్లను నమ్ముకుంటే చివరి రోజు ఎవరు బయట చేరతారో తెలియదని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. నాలుగేళ్లుగా ఆ బోనం అక్కదే. ఆమెకు ఇద్దరు కొడుకులు పుట్టి ఇద్దరూ పురిట్లోనే పోయారు. పేరంటాలకు ఆమెను ఎవరూ ముందు పిలవరు. ఏడాదిలో ఆ ఒక్క రోజు మాత్రం డప్పులు ముందు నడుస్తుంటే, పసుపు కుండ నెత్తిన పెట్టుకుని, ఆమె వెనక వాడంతా నడుస్తుంది. దారి పొడుగునా ఆడవాళ్లు ఆమె కాళ్ల మీద నీళ్లు పోసి మొక్కుతారు. ఆ రోజు ఆమె నడక వేరేగా ఉండేది.

బోనాలు వారం రోజులున్నాయనగా పొద్దున్నే నడిమి తలుపు కొట్టింది. లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడింది.

"అనసూర్యా, నాకు... కనబడ్డదే."

"ఏంది?"

"ముట్టు లెక్కనే. పొద్దుగాల లేసి చూస్తే బట్టకున్నది."

"నాలుగేండ్లయింది గద ఆగి!"

"గదే నాకూ సమజైతలేదు. దవాఖానల చూపెట్టుకోవాలె గావచ్చునా?"

ఆ మాట ఆమె అన్నది. నేను మర్చిపోలేదు, మర్చిపోయినట్టు ఎప్పుడూ నటించలేదు కూడా. దవాఖాన మాట ముందు ఆమె నోటనే వచ్చింది. నేనేమన్నానో కూడా రాస్తాను. "ముట్టుకు దవాఖానేందక్కా? పొడి తాగుతున్నవ్ గద, ఒళ్లు మళ్ల మొదలువెట్టింది," అన్నాను.

సంధ్యారాణి వచ్చి అదే మాట ఇంకా సంతోషంగా చెప్పింది. "మంచిగ పని జేస్తున్నదక్కా! లోపల ఎండిపోయింది మళ్ల తడి అయితాంది." గల్లీలో ఈ వార్త దాగలేదు. ఎదురింటి సమ్మవ్వ అయితే వాకిట్లో నిలబడి, "రాయమల్లూ, ఇగ ఉయ్యాల కట్టుర్రి!" అని అరిచింది. చెవులు సరిగా వినబడని రాయమల్లు బావ "ఆఁ? ఏంది? ఏం కట్టాలె?" అని అడుగుతుంటే ఆడవాళ్లంతా పొట్ట పట్టుకుని నవ్వారు. అక్క కూడా నవ్వింది. కాసేపు ఆమె ముఖంలో సిగ్గులాంటిది కనిపించింది. యాభై అయిదేళ్ల ముఖం మీద అది ఎంత బాగుండిందో.

బోనం మాట ఎత్తింది నేనే.

"అయిదు దినాలకు తలస్నానం జేస్తే అయిపోతది గదనే," అంది అక్క. "బోనాలకు ఇంక రెండొద్దులు ఉంటది."

"మళ్ల గనబడితే? నెత్తి మీద కుండ ఉన్నప్పుడు గనబడితే ఎట్లక్కా? ముట్టు ఆగినోళ్లే ఎత్తాలె. నీకిప్పుడు ఆగినట్టు గాదు గద."

"మరి ఎవలెత్తుతరు?"

ఆ జవాబు నేను చెప్పనక్కర లేదు. నాకు ముట్టు ఆగి అప్పటికి ఏడాదిన్నర. వాడలో అందరికీ తెలుసు. ఆ బోనం నాకు కావాలని అనుకున్నానా? అప్పుడు అడిగితే లేదనేదాన్ని, అమ్మవారి మీద ఒట్టేసి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ఒట్టు వేయను.

నడిమి తలుపు అయిదు రోజులు నేనే గడియ పెట్టాను. అమ్మవారి పటం నా ఇంట్లో తలుపుకు ఎదురుగానే ఉంటుంది మరి.

బోనాల రోజు వేపాకులు కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని, పైన దీపం కొండెక్కకుండా మెడ నిలబెట్టి నడిచాను. అక్క తన గేటు లోపల, మెట్ల దగ్గర దూరంగా నిలబడింది. తలస్నానం చేసింది, కొత్త చీర కట్టింది. చెంబుతో నీళ్లు పట్టుకుంది. గేటు దాటి వచ్చి పోయాలా వద్దా అని నా ముఖం వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. బోనం ఎత్తుకున్నవాళ్లు పక్కలకు చూడకూడదని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఆమె నాతో ముట్టు సంగతి మాట్లాడలేదు. నేను ఒకసారి అడిగితే, "ఆగిపోయిందే. గొక్కసారే వచ్చె," అంది. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆడింది. కార్తీకంలో నాతో గోదావరికి వచ్చి దీపాలు వదిలింది. నీళ్లల్లో దిగమంటే మాత్రం చలి పెడుతుందని ఒడ్డునే కూర్చుంది. చెంపలు లోపలికి పోయాయి. సన్నబడితే మంచిదే కదా, మోకాళ్ల మీద బరువు తగ్గుతుంది అన్నాను.

మాఘంలో ఒక రోజు మిరపకాయలు ఎండబోయడానికి మా డాబా ఎక్కాను. పక్క డాబా మీద అక్క చీర ఆరేసి ఉంది. గాలికి చీర చెంగు లేచింది. దాని కింద అదే దండెం మీద బట్ట పేలికలు కనబడ్డాయి. ఒకటి కాదు, పది పన్నెండు. ఎంత ఉతికినా పోని మరకలు. అంచులకు బొగ్గు నీళ్ల రంగు.

మిరపకాయలు అక్కడే వదిలేసి కిందికి దిగాను. నడిమి తలుపులోంచి నేరుగా ఆమె వంటింట్లోకి పోయాను.

"ఎన్నొద్దుల నుంచక్కా?"

ఆమె పొయ్యి వైపే తిరిగి ఉంది. "ఏంది?"

"డాబా మీద చూసి వచ్చిన."

గరిటె గిన్నెలో పెట్టింది. "బతుకమ్మ ముంగట నుంచి. ఓసారి వారం వస్తది, ఓసారి రెండొద్దులకే ఆగుతది. ఈ నెల ఆగుతలేదు. నడుము గుంజుతాంది."

"అయిదు నెలలాయె! నాకెందుకు చెప్పలే?"

అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు ఆమె ముఖంలో. కోపం ఉంటే బాగుండేది.

"చెప్తే తలుపు గడియ వెడ్తవ్ గదనే," అంది. "నెలల పదిహేను దినాలు తలుపేసుకుని నేను ఒక్కదాన్నే ఏం జెయ్యాలె? మీ బావకు ఇనరాకపాయె. బతుకమ్మ ఆడనియ్యవు, గంగకు రానియ్యవు. గందుకే చెప్పలే."

మర్నాడే దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ ప్రవల్లిక, మంథని అమ్మాయి, మా వాళ్ల భాష అర్థమయ్యే పిల్ల. మొదటి ప్రశ్నే, "ముట్టు ఎప్పుడాగిందమ్మా?" అని. చెప్పాం. "మళ్లీ ఎప్పుడు కనబడింది?" చెప్పాం. రాస్తున్న పెన్ను ఆగింది. స్కానింగు చేశారు. లోపలి పొర ఉండాల్సినదానికన్నా నాలుగింతలు మందంగా ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. పది రోజులకు మళ్లీ పిలిచారు.

గర్భసంచి క్యాన్సర్. సంచి గోడ దాటి బయటికి పాకింది.

అక్కను బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి పోయాను. ఇంటి నుంచే పొడి డబ్బా సంచిలో పెట్టుకుని వచ్చాను. తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను.

"దీనివల్లనే వచ్చిందా అమ్మా?"

డాక్టరమ్మ డబ్బా తిప్పి తిప్పి చదివింది. "సోయా, అవిసెలు తింటే ఈ జబ్బు వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. చెట్లలో ఉండేది మన హార్మోను అంత బలమైనది కాదు. ఆవిర్లు కొందరికి తగ్గుతాయి, కొందరికి తగ్గవు. ఇక ఈ డబ్బాలో రాయకుండా ఏం కలిపారో నాకు తెలియదు. తెలియనిది అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను."

"దొంగ మస్టర్ అన్నడు మా ఆయన, ఈ పొడిని."

ఆమెకు మస్టర్ అంటే తెలుసు. కొంచెం నవ్వబోయి ఆపుకుంది. "ముట్టు ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క కనబడినా అది ముట్టు కాదమ్మా. దాన్ని ముట్టు అననే కూడదు. పది మందిలో తొమ్మిది మందికి భయపడాల్సింది ఏమీ ఉండదు, కానీ చూపించుకోవాలి. శ్రావణంలోనే వచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

ఆగకుండా చెప్పి ఉంటే బాగుండేదేమో. ఆ మిగిలిన మాటను నేను ఇప్పటికీ రోజూ పూర్తి చేసుకుంటూనే ఉన్నాను.

డబ్బా తిరిగి సంచిలో వేసుకున్నాను. తప్పు పొడిదని ఆమె చెప్పి ఉంటే, సంధ్యారాణి ఇంటి ముందుకు పోయి నాలుగు తిట్లు తిట్టి తేలిక పడేదాన్ని. పొడి వేసింది చిన్న దొంగ మస్టరే. అసలు దొంగ మస్టర్ ఆ జబ్బుది. అది ముట్టు పేరు చెప్పుకుని వచ్చి నిలబడింది. బిళ్ల తీసుకుని, మనిషి ఎవరని చూడకుండా, హాజరు వేసింది నేను. పైగా అది రాగానే తలుపు మూసి, దాన్నీ మా అక్కనూ కలిపి ఒక ఇంట్లో పెట్టాను.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. తర్వాత మందు ఎక్కించారు. మూడోసారికి జుట్టంతా పోయింది. ఊపిరితిత్తుల మీద రెండు మచ్చలున్నాయని వైశాఖంలో చెప్పారు. బావకు ఎవరూ సరిగా చెప్పలేదు. చెప్పాలంటే అరవాలి. ఆ మాటను అరిచి చెప్పడం ఎవరికీ చేతకాలేదు.

సంధ్యారాణి పొడి ఇవ్వడం మానేసింది. ఒక రోజు వచ్చి అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. అక్క ఆమె తల నిమిరి, "నీ పొడికి ఆవిర్లయితే తగ్గినయ్ బిడ్డా," అంది. అక్క ముందు అలా ఏడవడానికి నాకు ధైర్యం చాలలేదు.

అమ్మవారి ముందు దీపం పెడుతూనే ఉన్నాను. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. ఏ నెత్తురు ముట్టో, ఏది రోగమో నీకు తెలుసు కదా తల్లీ. అన్ని పుస్తకాలు చదివించావు, ఈ ఒక్క ముక్క ఎందుకు చెప్పించలేదు? పటం నవ్వుతూనే ఉంటుంది. లేక అక్క నోటితో ఆ పొద్దున చెప్పించిందా, వినక తలుపేసింది నేనేనా? ఇది తేలడం లేదు.

మళ్లీ శ్రావణం వచ్చింది. మొదటి బోనం ఎవరు ఎత్తాలని వాడ ఆడవాళ్లు నన్నడిగారు. కొత్త కుండకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నడిమి తలుపులోంచి అక్క దగ్గరికి తీసుకుపోయాను. ఆ తలుపుకు గడియ ఇప్పుడు లేదు. నేనే ఊడదీయించాను.

నెత్తికి గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. కుండను చూసింది, నన్ను చూసింది.

"సంచి దీసిండ్రు. దాని పక్కలున్నయి గూడ దీసిండ్రు," అంది. "ఇగ నెత్తురు వచ్చే జాగనే లేదు. ఇప్పుడు శుద్ధమేనా నేను?"

నేను కుండను ఆమె ఒడిలో పెట్టాను.

"చెప్పవేందే? నువ్వే గద చెప్పేటిది."

"శుద్ధమేనక్కా. అప్పుడు గూడ..."

"అప్పటిది ఇడువు." రెండు చేతులతో కుండ అంచు పట్టుకుని ఎత్తబోయింది. ఒడిలోంచి జానెడు లేచి మళ్లీ ఒడిలోనే పడింది. "ఖాళీ కుండనే గింత బరువున్నది. బువ్వ వోస్తే నేనేం మోస్తనే. నువ్వే మొయ్యి."

"నేను మొయ్యనక్కా."

"మొయ్యాలె. పోయినేడు నన్ను కాదని మోసినవ్ గద. ఈ ఏడు నేనే చెప్తాన్న, మొయ్యి."

మోశాను. డప్పులు ముందు, వాడంతా వెనక. మా గల్లీ మలుపు తిరిగేసరికి అక్క గేటు తీసి ఉంది. రాయమల్లు బావ ఆమె జబ్బ పట్టుకుని రోడ్డు దాకా తీసుకొచ్చాడు. ఆమె చేతిలో చెంబు. పోయినేడు పట్టుకుని నిలబడ్డ చెంబే.

నీళ్లు పోసింది. చేయి వణికి సగం రోడ్డు మీదే పోయాయి, సగం నా పాదాల మీద పడ్డాయి. తర్వాత బావను పట్టుకుని మెల్లగా వంగి, తడిసిన నా కాళ్లకు మొక్కింది. నెత్తి గుడ్డ జారి, వెంట్రుక లేని తల నా కాలి వేళ్లకు తగిలింది.

నెత్తిన దీపం వెలుగుతున్న బోనం. వంగకూడదు. వంగి ఆమెను లేపలేకపోయాను. "ఆగకుర్రి, నడువుర్రి," అని వెనక నుంచి ఎవరో అంటుంటే ముందుకు నడిచాను.